గడ్డి కట్టలతో గది కట్టే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా, మీ బ్యాచ్ అంతా కలిసి కాలేజీ పొలంలో వరిగడ్డి కట్టలతో గది కడుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, ఎంత సంతోషమేసిందో రా, ఏటా యాసంగి కోతలవ్వగానే ఆ గడ్డికి నిప్పు పెట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది నాకు. గడ్డితో గోడేంటని నవ్వేవాళ్లు నవ్వనీ, అమెరికాలో నెబ్రాస్కాలో కలప దొరకని ఇసుక దిబ్బల చోట 1928లో గడ్డి కట్టలతో చర్చి కట్టారు, అది ఇప్పటికీ ఉంది.

మీ గది నిలవాలంటే భయపడాల్సింది నీళ్లకే. కుర్రాళ్లు కదా, గోడలు పేర్చేయాలని తొందరగా ఉంటది, కానీ ముందు స్తంభాలు, దూలాలు, పైకప్పు, ఆ తర్వాతే కట్టలు. మే నెలలో ఒక్క గాలివాన పడితే చాలు, పేర్చిన గోడ మొత్తం పీకాల్సొస్తది, టార్పాలిన్ కప్పాంలే అనుకుంటే లోపల ఆవిరి పట్టి ఇంకా పాడైతది. చూరు బాగా బయటికి వదలండి, నైరుతి వైపు వరండా పెడితే ఇంకా మంచిది.

కట్టలు కొనేటప్పుడు గుండ్రటివి వద్దు, గడ్డిని పలకల కట్టలుగా కట్టే మిషన్, అదే పలకల బేలర్, ఉన్నోళ్లని వెతకండి. తాళ్లు పట్టుకుని ఎత్తితే కట్ట మధ్యలో వంగకూడదు. తాలు, గింజలు మిగిలిన గడ్డి అయితే ఎలుకలు వదలవు. వడ్లు కొనేటప్పుడు తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు కదా, మీరూ అంతే గట్టిగా ఉండండి, కట్టలో తేమ మీటర్ గుచ్చి చూసి 15 శాతం లోపుంటే తీసుకోండి, 20 దాటిందైతే ఊరికే ఇచ్చినా వద్దు.

బేస్‌మెంట్ రెండడుగులైనా లేపండి, చెదల మందు అప్పుడే కొట్టించండి. కట్టల్ని నేరుగా కాంక్రీటు మీద పెట్టొద్దు, రెండు వరసల ఇటుక పెట్టి మధ్యలో కంకర పోసి దాని మీద పేర్చండి. ఎక్కువగా నీళ్లు దిగేది కిటికీల కిందే, అక్కడ రాయి బయటికి వాలుగా పెట్టించండి. సందుల్లో మట్టిలో తడిపిన గడ్డి కూరండి.

ఇక మెత్తడం. మేస్త్రీ సిమెంట్ గిలాబే గట్టిదంటాడు, అస్సలు ఒప్పుకోవద్దు, దాన్లోంచి తేమ బయటికి పోలేక లోపల గడ్డి కుళ్లుతది. ముందు బంకమట్టిని పల్చగా కలిపి గడ్డి పోచల్లోకి దిగేదాకా అరచేత్తో రుద్దండి, అరచెయ్యి మండుతది కానీ ఈ పూతే పట్టు. అది పూర్తిగా ఆరాక నరికిన గడ్డి, ఇసుక కలిపిన మట్టి, ఆఖర్న సున్నం. సున్నం దగ్గర గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ రానివ్వొద్దు.

మట్టి మెత్తిన గోడ అంత తేలిగ్గా అంటుకోదు, కట్టేటప్పుడు కింద పడ్డ విడి గడ్డితోనే ప్రమాదం. రోజూ సాయంత్రం ఊడ్చేయండి, బీడీ సిగరెట్ దగ్గరికి కూడా రాకూడదు, వైరింగ్ అంతా పైపుల్లోనే పోవాలి.

నైరుతి గోడలో కిటికీ కింద చిన్న బెజ్జం వదిలి బిరడా పెట్టండి. వానాకాలమంతా వారం వారం మీటర్ దాంట్లో పెట్టి చూసి రీడింగ్ నాకు వాట్సాప్ చెయ్యి, మట్టి తొక్కే రోజు మాత్రం ముందే చెప్పు, నేనూ వస్తా.

మీ పెదనాన్న