స్త్రీని చంపిన పురుషుడికి ఇస్లామిక్ చట్టంలో మరణశిక్ష ఉంటుందా?

ఉంటుంది. ఖురాన్ 2:178లో "స్త్రీకి బదులు స్త్రీ" అని ఉండటం చూసి కొందరు పొరబడతారు. కానీ 5:45 "ప్రాణానికి ప్రాణం" అంటుంది. మదీనాలో ఒక అమ్మాయి తలను ఒకడు రాళ్ల మధ్య నలగ్గొట్టాడు. ఒక్కో పేరూ చెబుతూ అడిగితే, కొన ఊపిరితో ఉన్న ఆమె వాడి పేరు రాగానే తల ఊపింది. వాడు ఒప్పుకున్నాక ప్రవక్త అదే శిక్ష వేయించారని హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం). నాలుగు సున్నీ మజ్‌హబ్‌లదీ (న్యాయ సంప్రదాయాలదీ) ఇదే మాట.

అసలు తేడా దియా (రక్తపరిహారం) దగ్గర వస్తుంది. సంప్రదాయ ఫిఖ్‌లో (ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో) స్త్రీకి అది పురుషుడి దాంట్లో సగమే. షియా ఫిఖ్‌లో ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో ఇది అన్యాయమే: హంతకుడికి మరణశిక్ష అమలు చేయించాలంటే ముందు హతురాలి వారసులే హంతకుడి వైపు వారికి పురుషుడి దియాలో సగం కట్టాలి. ఇరాన్ 2013 శిక్షాస్మృతిలోనూ ఈ నిబంధన ఉంది.