తెలుగు పేరున్న ఫోల్డర్ నుంచి ఓపెన్‌సీవీ (ఫొటోలతో పనిచేసే లైబ్రరీ) ఫొటో తెరవడం లేదా?

మీరు అడిగింది ఇదీ: విండోస్‌లో "చిత్తూరు తోతాపురి" అనే ఫోల్డర్‌లోని ఫొటోను పైథాన్‌లో తెరవబోతే ఎర్రర్ వస్తోంది, మీ ఫ్రెండ్ ఉబుంటులో మాత్రం ఇబ్బంది లేదు. తప్పు మీ పాత్‌లో (ఫైల్ చిరునామాలో) లేదు, ఫొటోను చదివే ఓపెన్‌సీవీ ఫంక్షన్ ఇమ్‌రీడ్‌లో ఉంది. విండోస్‌లో అది ఫైల్ పేరును పాత ఆన్సీ కోడ్ పేజీలో (కొన్ని భాషల అక్షరాలకే చోటున్న పాత పట్టికలో) చదువుతుంది. తెలుగుకు అసలు ఆన్సీ కోడ్ పేజీయే లేదు. అందుకే "చిత్తూరు తోతాపురి" ఫోల్డర్‌లోని మామిడాకు ఫొటోలు దానికి కనబడవు. ఎర్రర్ కూడా ఇవ్వదు, గమ్మున నన్ (None, అంటే ఏమీ లేదని) ఇచ్చి ఊరుకుంటుంది. మీకు ఎర్రర్ వచ్చింది తర్వాతి లైన్లో, రంగులు మార్చే సీవీటీకలర్ దగ్గర. ఫైల్ ఉందో లేదో చూసే ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్ ట్రూ అంటోందన్నారు కదా, పైథాన్ సొంత ఫంక్షన్లు అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్‌లోనే చూస్తాయి. మీ ఫ్రెండ్ ఉబుంటులో ఇబ్బంది లేకపోవడం మామూలే.

ఇలా చేయండి:

1. నంపై (పైథాన్ అంకెల లైబ్రరీ) ఫ్రమ్‌ఫైల్‌తో ఫైల్‌ను యూఇంట్8 బైట్లుగా చదవండి.
2. ఆ బైట్లను సీవీ2.ఇమ్‌డీకోడ్‌కు ఇవ్వండి. రెండో ఆర్గ్యుమెంట్ తప్పనిసరి, అక్కడ ఇమ్‌రీడ్_కలర్ ఇవ్వండి.
3. సేవ్ చేసేటప్పుడూ ఇదే తంటా. చాలామంది మర్చిపోయేది ఇక్కడే (నేనూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నా). ఫోల్డర్ పేరు తెలుగైతే, ఫొటోను సేవ్ చేసే ఇమ్‌రైట్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. ఫైల్ పేరు ఒక్కటే తెలుగైతే పిచ్చి అక్షరాలతో ఏదో ఫైల్ తయారవుతుంది. బదులుగా సీవీ2.ఇమ్‌ఎన్‌కోడ్ వాడండి. ఎక్స్‌టెన్షన్ ముందు చుక్క ఉండాలి, ".జేపీజీ" లాగా. అది రెండు విలువలు ఇస్తుంది. మొదటిది ట్రూనా కాదా చూసి, రెండోదాని మీద టుఫైల్ పిలవండి.

విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లో యూటీఎఫ్-8 బీటా టిక్ పెట్టినా పనవుతుంది. కానీ పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని తికమకపడతాయి, నేనైతే పెట్టను.