సాయానికి వెళ్లి తీసిన ఫొటోలు ఎవరివి?

ప్రశ్న: మాది గాజువాక. తుఫాను తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లతో భీమిలి వైపు మత్స్యకారుల పల్లెకు వెళ్లాను. వాళ్లు బియ్యం, టార్పాలిన్లు పంచుతుంటే ఫొటోలు తీశాను. పైసా తీసుకోలేదు, పెట్రోలు కూడా నాదే. ఇప్పుడు ఆ ఫొటోలతో కరపత్రం వేసి చందాలు అడుగుతున్నారు. నా పేరెక్కడా లేదు. ఒక ఫొటోలో కూలిన ఇంటి ముందు ఒక ముసలమ్మ, ఏడేళ్ల మనవరాలు ఉన్నారు. ఆవిడ కొడుకు ఫోన్ చేసి “మా అమ్మ ముఖం చూపించి డబ్బులు దండుకుంటారా?” అని నిలదీశాడు. నా మీద కేసవుతుందా? డ్రోన్ కూడా కొందామనుకుంటున్నాను.

జవాబు: ముందు ఫొటోల సంగతి. పెళ్లికి డబ్బిచ్చి ఫొటోలు తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైటు తీయించుకున్నవాళ్లది. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమానిది. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చెప్పేది ఇదే. మీరు ఆ రెండింటిలోనూ లేరు కాబట్టి హక్కు మీదే. అయితే ఫొటోలు వాట్సాప్ గ్రూపులో వేస్తూ ఏం రాశారో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. “అన్నా, కావలసినవి వాడుకోండి” అని ఉంటే అనుమతిచ్చినట్టే లెక్క. హక్కే రాసివ్వడం వేరు, దానికి కాగితం మీద మీ సంతకం కావాలి. పేరు విషయంలో మాత్రం 57వ సెక్షన్ మీ పక్షాన ఉంది. హక్కు అమ్మేసుకున్నా, ఇది తీసింది నేనని చెప్పుకునే అధికారం పోదు.

ఇక ఆ కొడుకు. అతని కోపం న్యాయమైనదే. తుఫాను వార్తలో ఆ ఫొటో రావడం వేరు, ఆమె ముఖం పెట్టి చందా అడగడం వేరు. కెమెరా ముందు కదలకుండా కూర్చున్నంత మాత్రాన కరపత్రానికి ఒప్పుకున్నట్టు కాదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. ఆవిడ విషయంలో మిమ్మల్ని జైలుకు పంపే కేసేదీ నాకు కనబడదు గానీ, కరపత్రం ఆపమనీ పరిహారం ఇమ్మనీ వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.

నాకు భయమల్లా ఆ పాప గురించే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకృతి విపత్తు బారిన పడ్డ పిల్లల్ని కూడా సంరక్షణ అవసరమైన పిల్లల కింద చేర్చింది. అలాంటి పిల్లల ఫొటో వేయడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది విచారణల వార్తలకే వర్తిస్తుందని వాదించొచ్చు, అవసరమైతే నేనూ వాదిస్తాను. అంతదాకా తెచ్చుకోకండి.

ఆ ఫొటో తీసేయమని ఈరోజే సంస్థకు మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపి రశీదు దాచండి. మీ ఫేస్‌బుక్‌లో ఉంటే అక్కడా తీసేయండి. మెమరీ కార్డులో ఒరిజినల్స్ మాత్రం చెరపొద్దు, తీసింది మీరేననడానికి అదే సాక్ష్యం.

డ్రోన్ అంటారా, విశాఖలో తొందరపడకండి. మన విమానాశ్రయం నౌకాదళానిది. అలాంటి చోట్ల చుట్టుపక్కల రెడ్ జోన్, అంటే డ్రోన్లు నిషేధించిన ప్రాంతం ఉంటుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అందులో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కొనేముందు ఏ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి.

వీలైతే ఈ ఆదివారమే ఆ పల్లెకు వెళ్లండి. కొడుకు ఎదుటే ఆవిడకు కరపత్రం చూపించండి. ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో వాడుకోవడానికి ఒప్పుకుంటే తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. వద్దంటే వదిలేయండి.