గుడ్లకు ముందే మేత సిద్ధం చెయ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ క్లౌన్ ఫిష్ (తెల్ల చారల సముద్రపు చేప) జంట రెండు రోజులుగా కుండపెంకును నోటితో కొరికి శుభ్రం చేస్తోందని రాశావు. చాలా సంతోషం. గుడ్లకు రోజులు దగ్గరపడ్డట్టే. వాటిచేత గుడ్లు ఎలా పెట్టించాలన్న బెంగ మానుకో, ఆ పని అవే చూసుకుంటాయి. నువ్వు చూడవలసింది మేత. పిల్లలు పుట్టాక వెతుక్కుందాంలే అనుకుంటే కొద్ది రోజుల్లోనే ట్యాంకు ఖాళీ అవుతుంది.

పుట్టిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పొడి మేత దానికి పనికిరాదు, కళ్ల ముందు కదిలే దాన్నే అది వేటాడుతుంది. ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యల్లాంటి జీవుల పిల్లలు కూడా మొదట్లో దాని నోటికి పెద్దవే. కావలసింది రోటిఫర్లు, అంటే నీళ్లలో ఈదే సూక్ష్మ జీవులు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదో వంతు అటూఇటూగా ఉంటుంది. వాటికి మేత నానోక్లోరోప్సిస్ అనే పచ్చటి సూక్ష్మ నాచు. అంటే ముందు నాచు పెంచాలి, తర్వాత రోటిఫర్లను పెంచాలి, ఆపైనే చేపపిల్లల సంగతి. ఈ విడత గుడ్లను తండ్రికే వదిలేసి ఊరికే గమనించు. కొత్త జంట తొలి గుడ్లను తినేయడం మామూలే. కుదురుకున్న జంట రెండు మూడు వారాలకోసారి పెడుతూనే ఉంటుంది కాబట్టి తొందర అక్కర్లేదు.

రోటిఫర్ల బకెట్టు ఒక్కటే పెట్టుకోకు. రాత్రికి కళకళలాడుతూ ఉన్నది తెల్లారేసరికి మొత్తం చచ్చి కంపు కొడుతుంది, కారణం కూడా తెలియదు. పెరుగుకు తోడు దాచినట్టు వేరే గదిలో రెండో బకెట్టు నడపాలి. రోజూ ముందు నాచు సీసాల పని ముగించి, తర్వాతే రోటిఫర్ల జోలికి వెళ్లు. ఒక్క చుక్క రోటిఫర్ల నీళ్లు నాచులో పడినా అవి పెరిగి నాచంతా తినేస్తాయి. మగ్గులు, గొట్టాలు దేనివి దానికే ఉంచు.

ఆర్టీమియా గుడ్ల డబ్బాలు ఆక్వా దుకాణాల్లో దొరుకుతాయి, మన తీరంలోని రొయ్యల హేచరీలకు అవి నిత్యావసరం. రోటిఫర్ల కోసం విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో అడిగి చూడు. క్లౌన్ ఫిష్ పిల్లల పెంపకంపై ఆ సంస్థ శాస్త్రవేత్తలు మంచి పని చేశారు.

ఇక గుడ్ల సంగతి. మొదట నారింజ రంగులో ఉండి రోజురోజుకూ నల్లబడతాయి. మగచేప వాటిని వదలకుండా రెక్కలతో నీళ్లు విసురుతుంది, పాడైన గుడ్డును తానే ఏరేస్తుంది. నీరు 27, 28 డిగ్రీల్లో ఉంటే ఏడెనిమిది రోజుల్లో లోపలి కళ్లు వెండిలా మెరుస్తాయి. ఆ రాత్రే పొదుగుతాయని లెక్క. దీపం ఆర్పాక గంట రెండు గంటల్లో, చిమ్మచీకటిలో బయటికొస్తాయి. కాబట్టి సాయంత్రమే పెంకును పిల్లల ట్యాంకులోకి మార్చి, పక్కన ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టు. గుడ్లు కదులుతూ ఉండాలి గాని బుడగలు నేరుగా తగలకూడదు.

పిల్లల ట్యాంకుకు ఇరవై ముప్పై లీటర్లు చాలు. నీళ్లు తల్లి ట్యాంకువే పొయ్యి. చుట్టూ నల్ల కాగితం అంటించు, లేకపోతే పిల్లలు వెలుతురు కోసం అద్దానికి తలలు కొట్టుకుంటాయి. నీరు లేత పచ్చగా కనిపించేంత నాచు కలిపి, మిల్లీలీటరుకు పది వరకు రోటిఫర్లు ఉండేలా చూసుకో. మర్నాడు భూతద్దం పట్టుకుని కూర్చో. పిల్ల ఆగి, ఒళ్లు వంకర తిప్పి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అది తింటోందన్నమాట. ఆ దృశ్యం చూశాక ఈ పని ఎవరూ మానలేరు.

వారానికి అటూఇటూగా ఆర్టీమియా మొదలుపెట్టు, కాని రోటిఫర్లను ఒక్కసారిగా ఆపకు. ఆర్టీమియా పొదిగిన రోజే వెయ్యాలి, ఆలస్యమైతే వాటిలో సత్తువ తగ్గిపోతుంది. పైకి తేలే వాటి గుడ్డు పెంకులను తీసేసి మరీ వెయ్యి. పదో రోజు దాటాక తల మీద తెల్ల చార కనిపిస్తుంది. అప్పటినుంచి చావులు బాగా తగ్గుతాయి, మెల్లగా పొడి మేత అలవాటు చెయ్యవచ్చు.

నీళ్లలో చేరే అమ్మోనియా పిల్లలకు విషం, దాన్ని మాత్రం రోజూ పరీక్షించు. అడుగున చేరిన మడ్డిని సన్నగొట్టంతో లాగేసి, తీసినన్ని నీళ్లు చుక్కచుక్కగా పొయ్యి. కరెంటు పోతే ఆ చిన్న ట్యాంకు ఎక్కువసేపు తట్టుకోలేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఈ వారంలోనే కొను.

మీ మామయ్య