లెక్క అటామిక్‌గానే పెరుగుతోంది, మరి సెషన్ ఎందుకు చేజారుతోంది?

మీరు చెప్పినది ఇదీ: లినక్స్ కెర్నెల్ మాడ్యూల్లో సెషన్ల (నెట్‌వర్క్ కనెక్షన్ల రికార్డుల) హాష్ పట్టిక ఉంది, వెతకడం ఆర్‌సీయూ (లాక్ తీసుకోకుండా చదవనిచ్చే కెర్నెల్ పద్ధతి) కింద జరుగుతోంది, దొరికిన సెషన్‌పై, దాన్ని వాడుతున్నవాళ్ళ లెక్కను ఒకటి పెంచే రెఫ్‌కౌంట్_ఇంక్ పిలుస్తున్నారు. (ఒక్కో వాడకం ఒక రిఫరెన్స్; లెక్క సున్నా అయితే సెషన్ మెమరీ విడుదలవుతుంది.) ట్రాఫిక్ పెరిగినప్పుడు మాత్రం "అడిషన్ ఆన్ జీరో, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ" (సున్నాకు కలుపుతున్నారు, విడుదలైన మెమరీని వాడుతున్నారు) అన్న హెచ్చరిక వస్తోంది. తొలగించే చోట స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం) పెట్టినా పోలేదు. కొన్నేళ్ళ క్రితం నేనూ ఇదే గోతిలో పడ్డాను, అదీ ఒకసారి కాదు.

స్పిన్‌లాక్ ఎందుకు పనిచేయలేదంటే, వెతికేవాళ్ళు దాన్ని తీసుకోవడమే లేదు. ఒక ప్రాసెసర్ పట్టికలో పాయింటర్‌ను చూస్తుంది. అది లెక్క పెంచేలోపు ఇంకో ప్రాసెసర్ ఆ సెషన్‌ను పట్టిక నుంచి తీసి, ఆఖరి రిఫరెన్స్‌ను వదిలేస్తుంది. లెక్క సున్నా అయిపోయింది. అప్పుడు మొదటిది తాపీగా వచ్చి పెంచబోతుంది. పెంచడం అటామిక్కే, అంటే మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగే, కాదనను. కానీ చూడటానికీ పెంచడానికీ మధ్య ఉన్న సందు అటామిక్ చేతిలో లేదు. ఆర్‌సీయూ కూడా మెమరీని కొంతసేపు నిలిపి ఉంచుతుందంతే, అదీ మీరు కెఫ్రీ_ఆర్‌సీయూ లాంటి, చదివేవాళ్ళు ముగించేదాకా ఆగే పిలుపుతో విడుదల చేస్తేనే. సెషన్ బతికి ఉందని అది హామీ ఇవ్వదు.

నేను మొదట చేసిన తెలివితక్కువ పని: లెక్కను చదివి, సున్నా కాకపోతే పెంచడం. అది రెండు అడుగులు, కాబట్టి సందు అలాగే ఉంది, కొంచెం ఇరుకైంది. బగ్ పోలేదు, వారానికి ఒకసారి కనిపించడం మొదలుపెట్టింది. అంతకన్నా రోజూ కనిపించేదే నయం. కావలసింది రెఫ్‌కౌంట్_ఇంక్_నాట్_జీరో. చూడటం, పెంచడం రెండూ ఒకే అడుగులో జరుగుతాయి. అది విఫలమైతే ఆ సెషన్ పట్టికలో లేనట్టే లెక్క. కొత్త సెషన్ సృష్టించే దారికి వెళ్ళండి. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే లూప్ పెట్టకండి.

మీ సెషన్లు శ్లాబ్_టైప్‌సేఫ్_బై_ఆర్‌సీయూ జెండాతో చేసిన కాష్ (ఒకే రకం వస్తువులకు మెమరీ ఇచ్చే కెర్నెల్ నిల్వ) నుంచి వస్తుంటే ఇంకో మెలిక ఉంది (2017కి ముందు దీని పేరు శ్లాబ్_డిస్ట్రాయ్_బై_ఆర్‌సీయూ). అక్కడ విడుదలైన మెమరీ వెంటనే మరో సెషన్‌కు వెళ్ళిపోవచ్చు. పెళ్ళి భోజనాల్లో బంతి మారినట్టు: మీరు చూసిపెట్టుకున్న చోటే, విస్తరి ముందు కూర్చున్నది మాత్రం వేరే మనిషి. లెక్క సున్నా కాదు కాబట్టి పెంచడం విజయవంతమవుతుంది, హెచ్చరిక కూడా రాదు. అందుకే రిఫరెన్స్ చేతికొచ్చాక చిరునామాలు, పోర్టులు మరోసారి సరిచూడాలి. సరిపోలకపోతే రిఫరెన్స్ వదిలేసి మొదటి నుంచి వెతకాలి. టీసీపీ సాకెట్లను వెతికే కెర్నెల్ కోడ్ చేసేదీ ఇదే. చదివి చూడండి, పది వరుసలే.

నన్ను ఎక్కువ ఏడిపించింది టైమర్. గడువు తీరిన సెషన్లను తీసేసే టైమర్‌కు సొంత రిఫరెన్స్ ఉండాలి. దాని లెక్క నేను సరిగ్గా రాయలేదు. టైమర్‌ను పెట్టే మాడ్_టైమర్ సున్నా తిరిగి ఇస్తే, అంటే టైమర్ అంతకుముందు వరుసలో లేకపోతేనే, ఒక రిఫరెన్స్ పెంచాలి. ఆపేటప్పుడు డెల్_టైమర్ (కొత్త కెర్నెళ్ళలో టైమర్_డిలీట్) ఒకటి ఇస్తే ఆ రిఫరెన్స్ మనం వదలాలి. సున్నా ఇస్తే మనం వదలకూడదు: టైమర్ వరుసలోనే లేదు, లేదా ఇప్పుడే మోగింది. మోగినప్పుడు దాని రిఫరెన్స్‌ను కాల్‌బ్యాకే (టైమర్ మోగితే నడిచే ఫంక్షనే) వదలాలి. సాకెట్ కోడ్‌లోని ఎస్‌కే_రీసెట్_టైమర్, ఎస్‌కే_స్టాప్_టైమర్ నడిచేది ఈ లెక్కమీదే. నా కోడ్ తిరిగొచ్చిన విలువను చూడకుండా ఎప్పుడూ వదిలేసేది, అందుకే లెక్క ఒకటి తక్కువయ్యేది. హెచ్చరిక వెతికే చోట పడేది, తప్పేమో టైమర్ దగ్గర. రెండు వారాలు తప్పుడు ఫంక్షన్‌ను చదువుతూ కూర్చున్నాను.

హెచ్చరిక ఒకసారి పడ్డాక లెక్కను నమ్మకండి. రెఫ్‌కౌంట్_టీ (లెక్కను దాచే డేటా రకం) దాన్ని ఒక విలువ దగ్గర బిగించేస్తుంది, ఆ తర్వాత పెరుగుదల, తరుగుదల ఏదీ పనిచేయదు. దాడికి దారి తెరవడం కన్నా మెమరీ లీకవడం మేలన్న ఎంపిక అది.

సవరించే ముందు బగ్‌ను అడిగినప్పుడల్లా రప్పించండి. పరీక్ష కెర్నెల్లో కేఏశాన్ (మెమరీ తప్పులను పట్టే కెర్నెల్ పనిముట్టు) పెట్టి, పాయింటర్ చూసిన వరుసకూ లెక్క పెంచే వరుసకూ మధ్య ఒక ఎండిలే (నిద్రపోకుండా ఆలస్యం చేసే పిలుపు) ఇరికించండి. ఆర్‌సీయూ విభాగంలో నిద్రపోకూడదు కాబట్టి నిద్రపోయే ఎంస్లీప్ వద్దు. నా దగ్గర రాత్రంతా నడిపినా రానిది, అలా చేశాక టీ కలుపుకునేలోపే వచ్చింది. సవరణ తర్వాత కూడా అదే ఎండిలేతో ఒక పూట నడపండి. మీ మాడ్యూల్లో టైమర్ ఉందో లేదో ప్రశ్నలో రాయలేదు. ఉంటే ముందు దాన్నే చూడండి.