జీడీబీలో అరే 200 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి బస్తాల తూకాలు 500 ఒక అరేలో (ఒకే రకం విలువల వరసలో) పెట్టాను, జీడీబీలో (ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్‌లో) ప్రింట్ కొడితే 200 చూపించి చుక్కలు పెడుతోంది, మిగతా డేటా పోయిందా అని అడిగారు. పోలేదండీ, టెన్షన్ వద్దు. జీడీబీ మామూలుగా 200 ఎలిమెంట్ల దాకే చూపిస్తుంది. ‘సెట్ ప్రింట్ ఎలిమెంట్స్ 500’ అని కొట్టండి. 0 ఇస్తే అసలు హద్దే ఉండదు, కానీ నేనైతే దాని జోలికి పోను. ఈ హద్దు స్ట్రింగ్‌లకూ (అక్షరాల వరసలకూ) పనిచేస్తుంది, అది తీసేశాక స్ట్రింగ్ పాయింటర్ (స్ట్రింగ్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) ఏదైనా చెడి ఉంటే స్క్రీనంతా చెత్తే. ఒకే తూకం వరసగా పదిసార్లకు మించి వస్తే ‘రిపీట్స్’ అని కుదించి చూపిస్తుంది, అదీ తప్పు కాదు. స్ట్రక్చర్లు (కొన్ని ఫీల్డులు కలిపి కట్టిన డేటా) ఒకే లైన్లో ఇరుక్కుంటే ‘సెట్ ప్రింట్ ప్రెట్టీ ఆన్’ అని కొట్టండి. ఒక్కో ఫీల్డు ఒక్కో లైన్లోకి వస్తుంది. రోజూ కొట్టే బాధ లేకుండా ఇవన్నీ హోమ్ ఫోల్డర్లో ‘డాట్ జీడీబీఇనిట్’ ఫైల్లో రాసుకోండి.