అరకు ట్రిప్ డబ్బులు: కారు తెచ్చిన ఫ్రెండ్ తన వాటా ఇవ్వకపోతే

నలుగురు ఫ్రెండ్స్ కలిసి అరకు వెళ్లొచ్చారు, కారు తెచ్చిన ఫ్రెండ్ మాత్రం తన వాటా ఇవ్వడం లేదు, ఎలా అడగాలి అని రాశారు. అతనిది ఎగ్గొట్టే ఉద్దేశం కాకపోవచ్చు. కారు అతనిదే, నడిపిందీ అతనే అన్నారు. మరి పెట్రోలు మీ లెక్కలో ఎక్కడా లేదే! రూము, తిండి, బొర్రా గుహల టికెట్లు అన్నీ మీరే కట్టి, మొత్తం 9,600, తలా 2,400 అని గ్రూపులో పెట్టారు. మిగతా ఇద్దరూ వేసేశారు. అతను మూడు వారాలుగా మెసేజ్ చూసి ఊరుకుంటున్నాడు. నాకైతే అది అలకలాగే ఉంది.

1. ముందు పెట్రోలు కలపండి. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. రానుపోను, అక్కడి తిరుగుడుతో కలిపి 270 అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే కారైతే 18 లీటర్లు, అంటే సుమారు 2,000. ఘాట్ రోడ్డు కాబట్టి ఇంకాస్త తాగే ఉంటుంది.

2. ఇప్పుడు మొత్తం 11,600, తలా 2,900. అతను 2,000 ముందే పెట్టాడు కాబట్టి మీకు ఇవ్వాల్సింది 900 మాత్రమే.

3. అందరూ మరిచిపోయేది ఇక్కడే. మిగతా ఇద్దరూ ఇంకో 500 చొప్పున వేయాలి. ఆ మాట ముందే వాళ్లకు చెప్పండి, లేదంటే 1,000 మీ జేబులోంచే పోతుంది.

4. అతన్ని గ్రూపులో అడగొద్దు, ఫోన్ చేయండి. "ఒరేయ్, పెట్రోలు కలపడం మర్చిపోయాన్రా, ఎంతైంది?" అంటే చాలు. అతను చెప్పిన అంకె వేరైతే బేరాలాడకుండా దాంతోనే మళ్లీ నాలుగు భాగాలు చేయండి. బొంగు చికెన్ ఎవరెంత తిన్నారో మాత్రం తవ్వకండి.